తుపాకీకి నెయ్యి వడ్డించిన గిన్నె

నేను ఒక నేతి గిన్నెను. ఇత్తడి ఒళ్ళు, లోపల కళాయి, పక్కన ఒక సొట్ట. సొట్ట సంగతి తరవాత చెబుతాను. ముందు తగువు సంగతి చెప్పాలి. ఆ పొద్దున్న నా మూలంగా ఈ ఇంట్లో కాఫీలు చల్లారిపోయాయి.

"ఈ గిన్నెలో మైనం కాచిందెవరు?" అని అడిగారు బంగారయ్యమ్మ గారు, నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని.

ఆవిడ భర్త తిరుపతిరాజు గారు పేపరు చాటున ఉన్నారు. అది నిన్నటి పేపరు.

"మైనమా? నేతి గిన్నెలో మైనం ఎవరు కాస్తారే?"

"అదే అడుగుతున్నాను."

"పిల్లేమన్నా…"

"పిల్లి పొయ్యి వెలిగించిందంటారా?"

"అది కాదే. అటక మీద తేనెతుట్టె ఏదో ఉన్నట్టుంది…"

"అది అటక దిగొచ్చి, గిన్నెలో కూర్చుని, కరిగి, గిన్నె కడిగేసి వెళ్ళిపోయిందా? కడగడం కూడా చేతకాలేదు దానికి. ఈ అంచు చూడండి."

కోడలు సుభాషిణి స్టవ్వు వైపు తిరిగి నవ్వు ఆపుకుంది. కొడుకు భద్రరాజు అప్పటికే చేపల చెరువుల వైపు వెళ్ళిపోయాడు. తగువు వాసన అతనికి అందరికంటే ముందు తెలుస్తుంది.

అంచున పేరుకున్న ఆ మైనం వెనక ఒక పెద్దమనిషి పరువు ఉంది. అది అర్థం కావాలంటే నా పుట్టుక నుంచీ చెప్పుకు రావాలి.

నేను ఇత్తడి సామానుకి పేరుపడ్డ అజ్జరంలో పుట్టాను. విరిగిన కుళాయిలు, బిందెల మూతులు, ఒక బడిగంట ముక్క కలిపి కరిగించి, మట్టి అచ్చులో పోసి నన్ను తీశారు. ఆ గంట ముక్క వల్లనే కాబోలు, నాకు గరిటె తగిలితే వీధి గుమ్మం దాకా వినిపిస్తుంది. రహస్యంగా ఏదైనా వండుకునే వాళ్ళకి నేను పనికిరాను. అంగట్లో కొంతకాలం నాలో మేకులు పోసి ఉంచారు. ఆ అవమానం నుంచి నన్ను తప్పించింది బంగారయ్యమ్మ గారి తల్లి. ఆవిడ చేతిలో నెయ్యి కాచడం నేర్చుకున్నాను, అంటే ఆవిడ కాచారు, నేను కాగాను. కూతురు కాపురానికి వస్తూ నన్ను వెంట తెచ్చుకుంది. అలా గోదావరి లంకల్లోని ఈ కొత్తరేవు చేరాను.

ఇక్కడ నాకంటే వయసైన లోహం ఒకటే ఉంది. తిరుపతిరాజు గారి తాతగారి రివాల్వరు. ఇప్పటి తుపాకుల్లా దానికి తయారు తూటాలు ఉండవు. తిరిగే డ్రమ్ములో ఆరు గదులు. ఒక్కొక్క గదిలో మందు పోసి, కొబ్బరిపీచు దట్టించి, వెనక, దెబ్బ పడితే నిప్పు రవ్వ లేచే చిన్న టోపీ తగిలించాలి. గుండు ఉండదు, శబ్దమే. లైసెన్సు ఉంది, దానికో గాజుబీరువా ఉంది, పట్టుగుడ్డ ఉంది. నాకు మసిగుడ్డ ఉంది.

ఏడాదికి ఒక్కరోజే దానికి పని. వేసవిలో కట్టేసిన కాలవకి కొత్తనీరు వదిలాక వచ్చే మొదటి ఆదివారం పడవ పందెం. మొదటి పేలుడికి పడవలు వరస కట్టాలి. రెండో దానికి బయల్దేరాలి. ముందు వచ్చిన పడవ లాకు గోడ తాకగానే మూడోది. మూడు తరాలుగా ఆ మూడూ ఈ ఇంటివాళ్ళే పేలుస్తున్నారు.

ఈ ఇంటివాళ్ళు అంటే మగవాళ్ళు. ఘోషా పోయి చాలా కాలమైంది. బంగారయ్యమ్మ గారు బజారుకీ వెళతారు, సినిమాకీ వెళతారు. కాలవగట్టుకి మాత్రం పందెం రోజున ఈ ఇంటి ఆడవాళ్ళు వెళ్ళే ఆనవాయితీ లేదు. మేడ మీద కిటికీ దగ్గర నిలబడతారు. కొబ్బరిచెట్ల తలలు అడ్డమొచ్చి కాలవ కనబడదు. పేలుళ్ళు వినబడతాయి, అంతే. పెళ్ళయిన మొదటి ఏడు ఆ పేలుడికి ఉలిక్కిపడి ఆవిడ నన్ను జారవిడిచారు. నా సొట్ట అప్పటిది. ఆ తరవాత ఎప్పుడూ ఉలిక్కిపడలేదు. ప్రతి ఏడూ మూడోది వినబడే దాకా కిటికీ మాత్రం వదల్లేదు.

కిందటేడు ఒక్కటే వినబడింది.

ఆ తుపాకీ ఒకసారి పేలిందంటే లోపల మసి కట్టేస్తుంది. అది డ్రమ్ముకీ ఇరుసుకీ పట్టేస్తే డ్రమ్ము తిరగదు. తిరుపతిరాజు గారు కుట్టుమిషను నూనె రాశారు. నూనె, మసి కలిసి తారైంది. రెండోసారి నొక్కితే తుపాకీ నోరు మెదపలేదు. సగం పడవలు ఆగలేక వెళ్ళిపోయాయి, సగం అక్కడే ఉండిపోయాయి, ఒక పడవవాళ్ళు ఇంటికెళ్ళి భోంచేసి వచ్చారు. గెలుపు ఎవరిదన్న వాదన ఇంకా తేలలేదు.

పందెం సంఘం కార్యదర్శి సత్తిబాబు గారు అప్పుడే ఓ మాట అనేశారు. "రాజుగారూ, తమరేమీ అనుకోకండి. సైరన్ పెట్టేసుకుందావండి. బటన్ నొక్కితే చాలండి, ఆయ్." సంఘమంతా తల ఊపింది. చివరికి ఒక్క ఏడాది గడువిచ్చారు. ఈసారి మూడూ పేలితే తుపాకీ ఉంటుంది. ఒక్కటి తప్పినా, ఇక ఎప్పటికీ సైరనే.

అప్పటి నుంచి తిరుపతిరాజు గారికి అన్నం సయించలేదు. ఏలూరులో తుపాకులు బాగుచేసే ఆయన్ని అడిగితే, "మిషను నూనెలు దీనికి పడవండి. తేనెమైనం, ఏదైనా మంచి కొవ్వు కలిపి కాచి రాయండి, మసి మెత్తగా ఉంటుంది" అన్నాడు. ఏ కొవ్వో చెప్పలేదు. మొదట కొబ్బరినూనె కలిపారు. ఎండకి అది కరిగి ఆయన మోచేతి దాకా కారింది. తరవాత ఆముదం కలిపి, కారకూడదని మైనం దండిగా వేశారు. గట్టిపడ్డాక దానికి వత్తి పెట్టి వెలిగించుకోవచ్చు. మూడోసారి ఆయన దృష్టి నెయ్యి మీద, దాంతోపాటే నా మీద పడింది. ఇంట్లో ఆడవాళ్ళు పేరంటానికి వెళ్ళిన పూట నన్ను తీశారు. పొద్దున్నే దొరికిపోయారు.

సంగతంతా విన్నాక బంగారయ్యమ్మ గారు నన్ను కింద పెట్టారు.

"పూస కట్టిన నెయ్యి తుపాకీకి పెట్టను," అన్నారు. "అడుగు మడ్డి తీసుకోండి. గిన్నె మీరే తోమాలి."

మనుషుల లెక్క ఇలాగే ఉంటుంది. పరువు దక్కించాల్సింది తుపాకీ, మంచి నెయ్యి మాత్రం పప్పన్నానికి.

మడ్డితో చేసిన ఆ కందెన బ్రహ్మాండంగా పనిచేసింది. కొబ్బరితోటలో పేల్చి చూస్తే ఆరు గదులూ చకచకా తిరిగాయి. తిరుపతిరాజు గారు చిన్నపిల్లాడిలా గంతేశారు. డ్రమ్ముకి, ఇరుసుకి మళ్ళీ దిట్టంగా పట్టించి, పట్టుగుడ్డ చుట్టి బీరువాలో పెట్టారు. ఆ రాత్రి ఆయన తృప్తిగా భోంచేశారు.

కాలవకి నీళ్ళొచ్చాయి. గాలిలో చెమ్మ వచ్చింది. పందెం దగ్గరపడ్డాక సత్తిబాబు గారు తుపాకీ చూడ్డానికి వచ్చారు. రాజుగారు మీసం సవరించుకుని గుడ్డ విప్పారు.

సత్తిబాబు గారు వంగి చూశారు. "ఏంటండి ఇదీ, తుపాకీకి గంధం పెట్టారా?"

గంధం కాదు, తుప్పు. కందెన పూసిన చోటల్లా పూసింది.

"మా సైరన్ అయితే ప్లాస్టిక్ అండి," అన్నారు సత్తిబాబు గారు వినయంగా. "తుప్పు పట్టదండి."

ఆయన వెళ్ళాక రాజుగారు మైనం అమ్మినవాణ్ణి తిట్టారు, చెమ్మని తిట్టారు, సంఘాన్ని తిట్టారు. నిజం నాకు తెలుసు. నా అడుగున ఏముంటుందో నాకు కాక ఎవరికి తెలుస్తుంది? కానీ నాకు గరిటె తగిలితేనే మాట.

బీయస్సీ చదివిన సుభాషిణి తుప్పును గోటితో గీకి, వాసన చూసింది.

"అత్తయ్యగారూ, నెయ్యి దింపేముందు మీరు తమలపాకుతో పాటు ఏం వేస్తారు?"

"కల్లుప్పు. చిటికెడు. అది లేకపోతే పూస కడుతుందిటే?"

"ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికి పోతుంది, అడుక్కి…" అని బంగారయ్యమ్మ గారు ఆగిపోయారు.

తిరుపతిరాజు గారు నెమ్మదిగా తల తిప్పారు. "అయితే మా తాతగారి తుపాకీని ఊరగాయ పెట్టావన్నమాట."

"మడ్డి కావాలన్నది మీరు! ఉప్పుందా అని అడిగారా?"

"నేతిలో ఉప్పేమిటే అసలు!"

"ఇన్నేళ్ళూ లొట్టలేసుకుని తిన్నారుగా!"

ఆ సాయంత్రం రాజుగారు కిరసనాయిలు, బూడిద పెట్టి తుప్పంతా వదలగొట్టారు. తరవాత వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆయన గుమ్మం దాటి లోపలికి రాకుండా నిలబడ్డం నేనెప్పుడూ చూడలేదు.

"ఒక్కసారి ఉప్పు లేకుండా కాచి పెట్టవే."

"మా అమ్మ ఏనాడూ అలా కాచలేదు. పూస కట్టని నెయ్యి నా చేత్తో దించనండి."

"ఇది విస్తట్లోకి కాదే. మూడూ పేలకపోతే ఇక నేను గట్టు మీదికి వెళ్ళి ఏం చెయ్యను? జనంలో నిలబడి చూడనా?"

బంగారయ్యమ్మ గారు ఆయన వంక అదోలా చూశారు. ఆవిడకి జనంలో నిలబడి చూసే భాగ్యం కూడా లేదన్న సంగతి రాజుగారికి తట్టలేదు. నాకు తట్టింది. సొట్ట పడినవాళ్ళకి ఇలాంటివి తడతాయి.

"కాస్తాను. కానీ నేను ఒకటి అడుగుతాను. ఇవ్వాలి."

"ఏమిటది?"

"అడిగినప్పుడు చెబుతాను."

"సరే," అన్నారు రాజుగారు. ఆ క్షణాన గాజుబీరువా అడిగినా ఇచ్చేసేవారు.

అప్పుడు చూడాలి ఆవిడ పని. కవ్వంతో తీసిన వెన్న సన్నసెగ మీద పెట్టి, చిటపటలు ఆగి, నురగ విరిగి, అడుగు గోధుమరంగు తిరిగే దాకా కదల్లేదు. చెయ్యి అలవాటుగా ఉప్పుజాడీ వైపు వెళ్ళింది. సుభాషిణి ఆ జాడీ ముందే దాచేసింది. మైనాన్ని వేడినీళ్ళలో కరిగించి, పాత నేతచీర గుడ్డలో వడగట్టి, తేరాక వేసి కలిపారు. చల్లటి పళ్ళెంలో చుక్క వేసి గోటితో నొక్కారు. గోరు దిగింది, వేలికి జారలేదు. ఆవిడ అరిసెల పాకం చూసే తీరు అది. తుపాకీ కందెనకి పాకం చూసిన మనిషి ప్రపంచంలో ఇంకొకరు ఉండరు.

పందెం రోజున రాజుగారు నన్నే కందెనతో సహా కండువా చాటున గట్టుకి తీసుకెళ్ళారు. ఇన్నేళ్ళూ వినడమే తప్ప నేనూ చూడలేదు. జనం, జెండాలు, బురదనీళ్ళలో పడవలు, బల్ల మీద సైరన్, దాని బటన్ మీద సత్తిబాబు గారి వేలు.

మొదటిది పేలింది. పడవలు వరస కట్టాయి. రెండోది పేలింది. పడవలు దూసుకుపోయాయి. తెల్లటి పొగ కాలవ మీదికి పరుచుకుంది. దానితోపాటు కమ్మని నేతివాసన. "ఎవరింట్లోనో బొబ్బట్లు కాలుస్తున్నార్రోయ్!" అని ఒక పడవవాడు తెడ్డు ఆపి తల తిప్పాడు. ఆ పడవ ఆఖరున వచ్చింది.

పడవలు లాకు దగ్గరపడుతుంటే రాజుగారు డ్రమ్ము తిప్పి చూశారు. కాస్త బిగిసింది. కంగారులో వేలే గరిటెగా నాలో ముంచి, ఇరుసు చుట్టూ రాసి, మళ్ళీ తిప్పారు. వెన్నలో వేలు తిరిగినంత సుళువుగా తిరిగింది. పడవ ముక్కు గోడని తాకింది.

మూడోది ఊరంతా వినబడింది.

సత్తిబాబు గారు సరదాకి బటన్ నొక్కారు. సైరన్ పలకలేదు. కరెంటు పోయి అప్పటికి చాలాసేపైందట.

మధ్యాహ్నం ఆయన్ని కూడా భోజనానికి పిలిచారు. నన్ను చింతపండు, బూడిద పెట్టి తోమారు, ఒకసారి మైనం వదలడానికి, ఇంకోసారి బంగారయ్యమ్మ గారి తృప్తికి. నాలో ఉప్పు వేసి దించిన నెయ్యి, ముత్యాల్లాంటి పూస. అందరి విస్తళ్ళలో పప్పు పడింది. ఆవిడ నన్ను పట్టుకుని రాజుగారి విస్తరి ముందు నిలబడ్డారు. నెయ్యి వెయ్యలేదు.

"ఒకటి అడుగుతానన్నాను," అన్నారు.

"అడుగు మరి. సత్తిబాబు కూడా సాక్షి."

"వచ్చే ఏడు మూడోది నేను పేలుస్తాను. గట్టు మీద నిలబడి."

భద్రరాజు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. సుభాషిణి గుమ్మం పట్టుకుంది. సత్తిబాబు గారు ఏదో అనబోయి, నెయ్యి ఇంకా తన విస్తట్లో కూడా పడలేదని చూసుకుని, మానేశారు.

తిరుపతిరాజు గారు నా వంక చూశారు, ఆవిడ చేతి వంక చూశారు.

"రెండు చేతుల్తో పట్టుకోవాలి. అదురుతుంది," అన్నారు. "ఇంక నెయ్యి వెయ్యి."