కేబుల్ ఉన్నంతసేపూ

మధ్యాహ్నం మూడింటికి అక్క మీద విచారణ. చెల్లెలి కంపెనీ పరీక్షల గదిలో గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. చెల్లెలు కుదురుగా కూర్చోలేక, లేచి తిరగలేక, బల్ల మీదున్న శ్వాసయంత్రం స్విచ్చి నొక్కుతోంది, ఆపుతోంది, మళ్లీ నొక్కుతోంది. ఇప్పటికి నూట పన్నెండుసార్లు. మాయదారి యంత్రం ప్రతిసారీ బుద్ధిమంతురాలిలా ఎనిమిది సెకన్లలో తెర వెలిగించి కూర్చుంటోంది.

అక్క ఆసుపత్రిలో నర్సు. పోయిన వారం వార్డులో కరెంటు పోయింది, పాత బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక అక్క స్విచ్చి నొక్కితే అచ్చం ఇలాంటి యంత్రమే నల్లటి తెరతో ఉండిపోయింది. ఇంకోటి తెచ్చేదాకా పదకొండు నిమిషాలు ఆమె చేత్తో గాలిసంచి నొక్కుతూ రోగికి ఊపిరి అందించింది. ఆయన బతికాడు. స్విచ్చి సరిగా నొక్కలేదని, తప్పు మాత్రం నర్సుదేనన్నారు. యంత్రంలో ఏ లోపమూ లేదని రాసిచ్చింది వాటిని తయారుచేసే, చెల్లెలు పనిచేసే కంపెనీయే మరి. కరెంటు రాగానే అన్నిటికంటే ముందు మేలుకుని మిగతావాటిని లేపే ప్రోగ్రాము, కెర్నల్, చెల్లెలి బృందం చేతి పని.

"నేను నొక్కానే. నా చేతులకి తెలీదా?" అంది అక్క పొద్దున ఫోన్లో. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, నమ్మలేదన్న బాధే ఆ గొంతులో ఎక్కువ వినిపించింది.

చెల్లెలి అనుమానమంతా మొదటి అర సెకను మీద. అప్పటికి తెర ఉండదు, చప్పుడు ఉండదు, కెర్నల్ మెమరీని పంచిపెట్టే పనిలో ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో చెప్పేది ఒక్క కేబులే. దాని గుండా వచ్చే సందేశాలు పక్క కంప్యూటర్లో వరుసగా పడతాయి. కేబుల్ తగిలించకుండా పరీక్ష చేసేవాణ్ని ఆ గదిలో మనిషి కింద జమకట్టరు.

"అమ్మాయ్, నీ కేబుల్ ఓ ఐదు నిమిషాలు ఇస్తావా? నాది తెగింది," అన్నాడు పక్క బల్ల పెద్దాయన. ఏ పనికీ తొందరపడడు కాబట్టి అందరూ ఆయన్ని నిదానం అంటారు.

"ఇప్పుడే కావాలా మీకు? ఇక్కడ నా ప్రాణం మీదికొచ్చి కూర్చుంటే!"

ఆయన నొచ్చుకోలేదు, కదలనూ లేదు. కసిరినందుకు చెల్లెలికి సిగ్గేసింది. కేబుల్ పీకి ఆయన చేతిలో పెట్టింది. చేతులు ఊరుకోక మళ్లీ స్విచ్చి నొక్కింది. నాలుగోసారికి ఎనిమిది సెకన్లు దాటాయి. ఇరవై దాటాయి. తెర నల్లగానే ఉంది.

"అంకుల్, ఆగండి. అది మళ్లీ పెట్టకండి," అంది, కేబుల్ తిరిగి తగిలించబోయిన ఆయన చెయ్యి పట్టుకుని.

కోడ్ తెరిచింది. కేబుల్ ఉంటే సందేశాల కోసం కెర్నల్ ముందే కొంత చోటు తీసుకుంటుంది, తర్వాతవన్నీ పక్కకి జరుగుతాయి. కేబుల్ లేకపోతే ఎవరూ జరగరు. హార్డ్‌వేర్ తన వివరాలు దాచుకున్న చోటు మీదే ఒక్కోసారి ఇంకొకరు ఎక్కి కూర్చుంటారు, యంత్రం అక్కడే ఆగిపోతుంది. బస్సులో సీటు ఆపాలంటే జనం ఎక్కకముందే రుమాలు వేయాలి, ఇక్కడేమో ఎక్కాక వేస్తున్నారు. వరుస ఎవరు మార్చారా అని వెతికింది. రెండు నెలల కిందట, చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని రెండు వాక్యాలు అటూ ఇటూ చేసిన మహాతల్లి తనే.

"అందరం కేబుల్ పెట్టే చూశాం," అన్నాడు నిదానం మెల్లిగా. "వార్డులో కేబుల్ ఎవరు పెడతారమ్మా?"

విషయం విన్న మేనేజరు తలుపు మూసి, రేపు మీటింగు అయ్యేదాకా బయట నోరు విప్పొద్దన్నాడు. చెల్లెలు ఆ తలుపు తీసుకుని బయటికొచ్చి, వార్డులో ఉన్న అక్కకి ఫోను చేసింది.

"అక్కా, తప్పు నీది కాదు. నాది."

గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. అక్క తిడుతుందనుకుంది, ఏడుస్తుందనుకుంది, కనీసం హమ్మయ్య అంటుందనుకుంది.

"అంటే కరెంటు పోయొస్తే మళ్లీ అలాగే అవుతుందా?"

"అవ్వచ్చక్కా."

"మా వార్డులో ఇప్పుడు ఇలాంటివి ఆరు నడుస్తున్నాయే!"

ఫోను ఎక్కడో ఠక్కున పెట్టిన చప్పుడు. పరుగులాంటి అడుగులు. దూరంగా అక్క గొంతు, "ఆరు మంచాల దగ్గర గాలిసంచులు పట్టుకుని ఆరుగురు నిలబడండి! నేను చెప్పేదాకా ఎవరూ కదలొద్దు!"

అక్క విచారణ ఊసే ఎత్తలేదు. లైన్లోనే ఉన్న ఫోను పక్కన పెట్టుకుని, చెల్లెలు విచారణ సంఘానికి ఉత్తరం మొదలుపెట్టింది. మొదటి వాక్యంలో తన పేరు రాసింది.