మగ్గం గుంతలో కాలం

ధర్మవరంలో ఆ వీధికి తెల్లారేది మగ్గాల చప్పుడుతోనే. సుజాత వాకిలి చల్లి, ముగ్గేసి, రాట్నం ముందు కూర్చుని నేతకు పట్టుదారం కండెలు చుట్టడం మొదలుపెట్టేసరికి, ఆమె మొగుడు కేశవ టీ తాగి మగ్గం గుంతలోకి దిగేవాడు. వీధిలో అందరి గుంతలూ నేసేటప్పుడు కాళ్ళు దించుకునేందుకు మోకాళ్ళ లోతు. కేశవ తాత నరసింహప్పకు ఏం తోచిందో గానీ, వాళ్ళింట్లో మాత్రం ఛాతీ లోతు తవ్వించి మగ్గాన్నే అందులోకి దించి బిగించాడు.

ఆ గుంతలో కాలం నిదానం. పైన మూడు గంటలు గడిస్తే అడుగున ఒక గంట గడిచేది. అందుకే ఆ ఇంట్లో రెండు గడియారాలు, ఒకటి గోడకు, ఒకటి గుంత గూట్లో. ఎండాకాలం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పాలగిన్నెలు తెచ్చి, విరిగిపోకుండా, గుంతలో ఒక మూల పెట్టి పోయేవాళ్ళు. పట్టుచీరల అంగడి మల్లికార్జునయ్య పెళ్ళిచీర నేయమని చెప్పేటప్పుడు, గోడ లెక్కా గుంత లెక్కా అని అడిగి మరీ తేదీ రాసుకునేవాడు. ఒకసారి కేశవ గూట్లో గడియారాన్ని నమ్మి వారంలో ఇస్తానని మూడు వారాలు చేస్తే, ఆ పెళ్ళికూతురు తన అక్క చీర కట్టుకుని పీటల మీద కూర్చోవలసి వచ్చింది మరి.

పెళ్ళినాటికి కేశవకు ఇరవై నాలుగు, సుజాతకు ఇరవై. ముప్పై ఏళ్ళు గడిచాయి. గోడ లెక్కన రోజుకు పన్నెండు గంటలు గుంతలో కూర్చునే మనిషి కాబట్టి కేశవకు గడిచినవి ఇరవయ్యే. కాగితం మీద యాభై నాలుగు, ఒంటికి నలభై నాలుగు. సుజాతకు ఎటు చూసినా యాభయ్యే. ఆడవాళ్ళు గుంతలోకి దిగకూడదన్నది నరసింహప్ప పెట్టిన కట్టడి. ఎందుకో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

ఆ ఏప్రిల్‌లో చేనేత పింఛను రాయించుకోవడానికి ఇద్దరూ బస్సెక్కి ఆఫీసుకు పోయారు. కొత్తగా వచ్చిన గుమాస్తా కార్డునూ ఎండ సోకని కేశవ నున్నటి ముఖాన్నీ మార్చి మార్చి చూసి, ఇది మీ నాయన కార్డు కదా, ఆయన్నే పిలుచుకుని రమ్మన్నాడు. తర్వాత సుజాత నెరిసిన తల వైపు చూసి, పాపం మంచివాడే, గొంతు తగ్గించాడు.

"అమ్మను ఈ ఎండలో ఎందుకు తిప్పుతాండావన్నా? ఆ నీడకు కూచోబెట్టు."

వీళ్ళది లోతుగుంత ఇల్లు సార్ అని అటెండరు చెప్పాడు. అట్లనా అని గుమాస్తా కాగితం వయసే రాసుకుని ముద్ర కొట్టాడు. పని అయిపోయింది. తిరిగి వస్తుంటే కేశవ బస్సులో ఆ మాట తలచుకుని తలచుకుని నవ్వాడు. సుజాతకు ఏడుపొచ్చింది. నలుగురిలో ఏడవడం ఇష్టంలేక, వాన కోసం దున్ని పెట్టిన ఎర్రచేలను చూస్తూ కూర్చుంది.

ఇంకో ఇరవై ఏళ్ళకు తనకు డెబ్బై, అతనికి యాభై ఏడు. ఈరోజు అమ్మ అన్నవాళ్ళు రేపు అవ్వ అంటారు. ముసలితనమంటే ఆమెకు భయం లేదు. అందులోకి ఒక్కతే పోవడమంటేనే భయం.

మర్నాడు కేశవ గుంతలోకి దిగబోతుంటే ఆమె అడ్డంగా నిలబడింది.

"ఈ పొద్దు నేను దిగుతా. నువ్వు కండెలు చుట్టు."

కేశవ తాత కట్టడి గుర్తు చేశాడు. నీకు నేత యాడ వస్తుందన్నాడు. ముప్పై ఏళ్ళుగా ప్రతి పోగూ తన చేతుల మీదుగా పోయిందే, ఆ సంగతి ఎత్తి ఆమె వాదించలేదు.

"నాకు ముప్పై ఏండ్ల కాపురం అయింది. నీకు ఇరవై ఏండ్లే," అంది. "ఆ పదేండ్లు నేనొక్కదాన్నే చేసినా. మన ప్రసూన పుట్టినప్పటి నుంచి అత్తగారింటికి పోయేదాకా నాకు ఇరవై మూడేండ్లు. నీకెన్ని?"

కేశవ వేళ్ళ మీద లెక్కపెట్టి పదిహేను దగ్గర ఆగాడు. కూతురి పసితనం అంత తొందరగా ఎట్లా అయిపోయిందా అని అతను వాపోని రోజు లేదు. పోయి రాట్నం ముందు కూర్చున్నాడు.

సుజాత దిగింది. అడుగున చల్లగా ఉంది. మొదటిరోజు పోగులు తెగుతూనే ఉన్నాయి, రెండోరోజు కాస్త తగ్గాయి. నాలుగోరోజుకు చేయి తిరిగి, తలెత్తి పైకి చూసే తీరిక దొరికింది. పైన కేశవ రాట్నం దగ్గర ఉన్నట్టే ఉండి వంటింట్లో తేలాడు, అంతలోనే వాకిట్లో ఉన్నాడు. పలకరిద్దామని ఆమె నోరు తెరిచేలోగా ముఖం దాటిపోయింది. ఈ మనిషి ఒక్కసారైనా తలెత్తి తనవైపు చూడడే అని ఆమె ముప్పై ఏళ్ళూ నొచ్చుకుంది. చూడడానికి తను నిలిచింది ఎప్పుడు?

సాయంత్రం పైకి వచ్చి, నేను నీకు ఎట్ల కనపడేదాన్నని అడిగింది.

కేశవ చేతిలో కండె పక్కన పెట్టాడు. "కనపడేదానివి కాదు, పోతా ఉండేదానివి. నాతో మాట్లాడేకి నీకు తీరిక లేదనుకొన్యా."

ఇద్దరికీ తప్పు చేసినట్టే అనిపించింది, ఎవరి తప్పో మాత్రం తేలలేదు. ప్రసూన ఫోన్లో లెక్క కట్టి చెప్పింది: గోడ గడియారం ప్రకారం పద్దెనిమిదేళ్ళు అమ్మ కింద, నాయన పైన ఉంటే, ఇద్దరికీ ఒకేసారి అరవై రెండు వస్తాయని. అట్లే కానీ అన్నాడు కేశవ.

మర్నాడు పొద్దెక్కాక సుజాత తలెత్తేసరికి కేశవ గుంత అంచున నిలబడి ఉన్నాడు. ఇప్పుడో ఇంకాసేపటికో పోతాడనుకుంది, పోలేదు. పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వచ్చింది, అయినా పోలేదు. కిటికీలోంచి పడిన ఎండ అతని భుజం మీదికెక్కి, మెడ దాటి, అవతలికి దిగిపోయింది. పైన ఎంత లేదన్నా గంట అయ్యుంటుంది, కాళ్ళు లాగుతుంటాయి. సుజాత నేత ఆపి, పోగు నడిపే నాడెను ఒళ్ళో పెట్టుకుని అతన్ని చూస్తూ ఉండిపోయింది. ఆమె కళ్ళారా చూసుకునేదాకా అతను కదలకుండా అక్కడే నిలబడ్డాడు.