మూడు పట్టీల పిట్టగోడ

సిద్దిపేట బజారులో బంగ్లా పై అంతస్తులో కిరాయికి దిగిన సుగుణకు ఒకటే కొరత, ముగ్గేయడానికి వాకిలి లేదు. ఉన్నదల్లా వీధివైపు మంచమంత వరండా, దానికో పిట్టగోడ. వెనకటి కిరాయిదారు అక్కడే పొయ్యి పెట్టి గోడనంతా మసిబొగ్గు చేసి పోయాడు. తల్లిగారింట్లో గోడలన్నీ తన చేత్తో అలికిన మనిషి, ఇది చూస్తూ ఊరుకుంటుందా?

"లోకమంత తలకాయలు దాసుకుంటున్న దినాలు. గిప్పుడు మనకు సోకులెందుకు?" అన్నాడు మొగుడు రాధాకిషన్, బట్టల దుకాణంలో గుమాస్తా.

ఆయన భయంలో న్యాయం లేకపోలేదు. అది 1948 ఎండాకాలం. నిజాం ఇలాకాలో మూడురంగుల జెండా పట్టుకున్నవాడు మళ్లీ ఇల్లు చేరతాడన్న నమ్మకం లేదు. పోయిన వారమే వెనక గల్లీలో ఒకరి పెట్టెలో ఆ జెండా దొరికిందని నిజాం తరఫు ఖాకీ దళం ఆ ఇంటాయన్ని ఈడ్చుకుపోయింది. మనిషి జాడ ఇంకా లేదు.

సుగుణ వింటేగా! ఆయన అటు పోగానే కొంగు నడుముకు చుట్టింది. మసి గీకి, కుంచెకు కర్ర కట్టి, వంగి వీధివైపు కూడా సున్నం కొట్టింది. జాజు ఎర్రమన్ను చారెడే ఉంది. దాంట్లో పసుపూ సున్నమూ కలిపి పెంచి పైఅంచున పట్టీ లాగింది. వానకు మాసే అడుగుభాగానికి అద్దకంవాళ్లింట్లో అడుక్కొచ్చిన పచ్చరంగు పూసింది. పైనుంచి చూస్తే ముచ్చటగానే ఉంది.

మధ్యాహ్నం కింద బీడీలు చుట్టే బుచ్చవ్వ తలెత్తి చూసి గుండె బాదుకుంది.

"ఓ బిడ్డా, గిదేం పనే! పైన కాషాయం, నడుమ తెలుపు, కింద పచ్చ! గా జెండనే గీసి పెట్టినవు గదనే!"

సుగుణ గబగబా వంగి వీధివైపు గోడ చూసుకుంది. దళం గస్తీకి వచ్చే వేళ. రంగు ఆరిపోయింది, కడిగితే పోదు. చీర ఆరేసి కప్పుదామంటే గాలికి ఎగిరి గుట్టు బయటపెడుతుంది. అంతలోనే చౌరస్తా దగ్గర బూట్ల చప్పుడు.

"పెండ, అవ్వా! జల్ది పెండ తే!"

బుచ్చవ్వ తట్టెడు ఆవుపెండ మోసుకొచ్చింది. సుగుణ గోడ మీదికి వంగి రెండు చేతులా పులమసాగింది. మూలన మూరెడు జాగ మిగిలి ఉండగానే పదిమంది బరిసెలతో కిందికొచ్చి ఆగారు. సరిగ్గా అప్పుడే ఎదురుగా రాధాకిషన్ బువ్వకని ఇంటికి వస్తున్నాడు.

'మల్లన్నా, ఇది మా ఇల్లని ఆయన నోట రానీయకు' అని మొక్కుకుంది.

వాళ్ల పెద్ద రాధాకిషన్‌ను ఆపి బరిసెతో పైకి చూపించి, ఇల్లెవరిదని అడిగాడు. "యే కిస్కా ఘర్ హై?"

రాధాకిషన్ తలెత్తాడు. మిగిలిన మూడు రంగులనూ చూశాడు, మోచేతుల దాకా పెండతో ఉన్న పెండ్లాన్నీ చూశాడు.

"నాకెరుక లేదు సాబ్. నేను గీ గల్లీ మనిషిని కాను," అని వెనక్కి తిరక్కుండా పోయాడు.

పెద్ద ఇంకోసారి పైకి చూశాడు. ఆలోగా సుగుణ మిగిలిన మూలనూ కప్పేసింది. పెండ కంపుకు ముక్కు మూసుకుని వాళ్లు ముందుకు కదిలారు.

మొక్కు ఫలించింది. మనిషి దక్కాడు. అయినా సుగుణకు ఏడుపు ఆగలేదు.

పొద్దుగూకాక రాధాకిషన్ వచ్చాడు. సుగుణ చెంబుతో నీళ్లిచ్చింది.

"ఆల్లు బంగ్ల ఎక్కి నన్ను పట్టుకపోతే గప్పుడేం జేద్దురు?" అని మెల్లగా అడిగింది.

రాధాకిషన్ తల వంచుకుని, శుభ్రంగా ఉన్న కాళ్లనే మళ్లీ మళ్లీ కడుక్కుంటూ ఉండిపోయాడు.