వరుస తప్పని గంగులప్ప

గంగులప్ప క్యాసెట్టును పెన్సిలుకు తగిలించి గిరగిరా తిప్పుతున్నాడు. మెషీన్లో చుడితే మోటారు అరుగుతుందని ఆయన లెక్క. విన్న క్యాసెట్టును మొదటికి చుట్టకుండా డబ్బాలో పెట్టడం, ఎంగిలి కంచాన్ని కడగకుండా బోర్లించడం ఆయన దృష్టిలో ఒకటే. పుంగనూరు బస్టాండు వెనక రికార్డింగు అంగడి పెట్టి పధ్నాలుగేళ్ళయింది. అన్నేళ్ళూ ఒకే స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ, గంగులప్ప పొట్ట మాత్రం పెరిగింది.

పోయిన నెల ఎడమ భుజం లాగుతోందని మదనపల్లెలో డాక్టరుకు చూపించుకున్నాడు. "రోజూ అరగంట నడువప్పా. ఎద పట్టేసినట్టుంటే మాత్రం యాడుంటే ఆడ్నే కూసో. ఒక్క అడుగు గూడా ఎయ్యొద్దు" అన్నాడు డాక్టరు.

భార్య ఆదెమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. ఇంటికి రాగానే భర్త చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది.

"కూసుంటానని ఒట్టెయ్యి."

"కూసుంటాలేమే."

"ఒట్టు!"

వేశాడు.

ఉత్త నడకతో రెండు రోజులకే విసుగు పుట్టింది. ఎవరో కువైట్ నుంచి తెచ్చి, రిపేరుకిచ్చి, మళ్ళీ తీసుకుపోని వాక్‌మన్ ఒకటి అంగట్లో పడి ఉంటే బాగుచేసుకున్నాడు. నడకకు సరిపడే పాట కోసం వెతికి, సొంతూరి చెక్కభజన క్యాసెట్టు బయటికి తీశాడు. పెళ్ళికి ముందు ఒకనాడు టేపురికార్డరును అరుగు మీద పెట్టి, బటన్ నొక్కి, పరుగున పోయి తానూ చెక్కలు పట్టి, వరుసలో అడుగులేస్తూ వాయించిన పాట అది. ఆ చెక్కల దెబ్బకు కాళ్ళు వాటంతటవే లేచాయి. ఇరవై రోజుల్లో ప్యాంటు వదులైంది. పోయిన వయసు తిరిగొస్తోందని గంగులప్ప నిజంగానే నమ్మాడు.

చెక్కభజన మెల్లగా మొదలై, పోనుపోను ఉరుకుతుంది. ఈ సంగతి డాక్టరుకు తెలియదు. ఆదెమ్మకు తెలుసు గానీ, మొగుడి చెవుల్లో మోగుతున్నది అదేనని తెలియదు.

ఆరోజు మధ్యాహ్నం సోమల నుంచి రెడ్డెప్ప పాటల జాబితా పట్టుకొచ్చాడు. క్యాసెట్టుకు ఎక్కిస్తుంటే ఆఖరి పాటకు టేపు చాలలేదు.

"సగమన్నా ఎక్కీప్పా. ఖాళీగా యాల వదిలేది?"

"సగం పాటంటే సగం కూడు తిని లేసినట్టు రెడ్డెప్పా. నా సేత కాదు."

"అందురూ సీడీలకి పోతాండారు. నువ్వు ఈడ్నే ఉండావు."

గంగులప్ప నవ్వి భుజం రుద్దుకున్నాడు. పొద్దుటి నుంచీ అది మళ్ళీ లాగుతోంది. ఆదెమ్మకు చెప్పలేదు.

సాయంత్రం పలమనేరు రోడ్డెక్కాడు. గాలి లేదు. చింతచెట్ల ఆకు కదలడం లేదు. చెవుల్లో చెక్కలు జోరందుకున్నాయి, అడుగులూ జోరందుకున్నాయి. కల్వర్టు కనిపించేసరికి ఎదలో ఎవరో తాడు బిగించినట్టయింది.

కూర్చోవాలి. ఆదెమ్మ నెత్తి గుర్తొచ్చింది. పాట ఇంకా రెండు నిమిషాలుంది.

కూర్చుని వినొచ్చు కదా అని మనకు అనిపిస్తుంది. కానీ చెక్కభజన వరుసలో ఒకడు ఆగిపోతే వెనకవాడు వచ్చి గుద్దుకుంటాడు, వరుసంతా చెదిరిపోతుంది. ఆయన ఊళ్ళో అంతకు మించిన తలవంపు లేదు. గంగులప్ప వెనక ఇప్పుడు ఎవరూ లేరు. అయినా ఆగలేదు. చెమట చల్లబడింది. ఎడమ చెయ్యి బరువెక్కింది. చెవుల్లో పాతికేళ్ళ గంగులప్ప ఎగిరెగిరి వాయిస్తుంటే, వాడి వెంట యాభై ఏళ్ళకు దగ్గరపడినవాడు అడుగులో అడుగు వేసుకుంటూ పోయాడు.

చివరి దెబ్బ పడింది. అప్పుడు వెనక్కి వచ్చి కల్వర్టు మీద కూర్చున్నాడు. పాట నిలిచింది, ఒట్టు నిలవలేదు.

డెయిరీకి పాలు పోయడానికి పోతున్న పాపమ్మ చూసి పలకరించింది. "ఏమన్నా, అలిసిపోయినావా?"

జవాబు రాలేదు. దగ్గరికి పోయి భుజం తట్టాక, చేతిలోని క్యాను కింద పెట్టి కేకేసింది.

ఏడాది తిరక్కుండానే ఆదెమ్మ అంగడి సామానంతా అమ్మేసింది. వాక్‌మన్ మాత్రం ఇంట్లో గూట్లో ఉంది. అందులోని క్యాసెట్టు టేపంతా ఒకవైపుకు చేరి, మొదటికి చుట్టకుండా అలాగే ఉంది.