తాళం వేయని బాతులు

తుఫాను మధ్యాహ్నానికల్లా హార్కర్స్ దీవిని తాకుతుందని రేడియో పొద్దుట్నుంచీ గొంతు చించుకుంటోంది. ఊళ్ళో జనం ఫ్రిజ్జుల్ని ఇటుకల మీదికి ఎక్కిస్తుంటే, డెల్ఫియా పెరట్లో కూర్చుని కొయ్య బాతులకు తాళ్ళు పొడిగిస్తోంది. అవి వేటకాళ్ళు నీళ్ళ మీద తేలించే దీమాలు. వాటిని చూసి, పైన పోయే అడవి బాతులు కిందికి దిగుతాయి. వాళ్ళ నాన్న దేవదారు కొయ్యతో చెక్కినవి. ఆయన పోయాక అన్నా చెల్లెలూ చెరి సగం పంచుకున్నారు. అలా చెక్కే చెయ్యి మళ్ళీ రాదు కాబట్టి ఇవి పోతే పోయినట్టే.

అన్న వెల్డన్ ట్రక్కు దిగి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటే ఇది? ఉప్పెనొస్తుంటే బాతుల్ని ఆరబెడుతున్నావా?"

"ఆరబెట్టట్లేదు. కట్టేస్తున్నా."

"నీకేమన్నా పిచ్చా? నేను షెడ్డు కట్టించింది ఎందుకు? సిమెంటు గోడలు, రేకుల కప్పు, ఇంత లావు తాళం. నా వాటా అందులోనే పెట్టా. నీవి కూడా ట్రక్కెక్కించు."

"ఎక్కించను."

"మొండిఘటానివే నువ్వు! ఒంటరి ఆడదానివి, నీవల్ల ఏమవుద్ది?"

ఆ మాటకు డెల్ఫియాకు ఒళ్ళు మండింది. ఏటా వీటికి బూజు దులిపిందీ, ఎలుకలు కొరక్కుండా కాపాడిందీ, పెచ్చులూడిన చోట రంగేసిందీ ఆ ఒంటరి ఆడదే. ఈ మహానుభావుడు వేట ముగియగానే తన వాటాను గోనెసంచిలో కుక్కి పడేసి, మళ్ళీ వేట కాలం వచ్చాక చిక్కులు తీయమని చెల్లెలి గుమ్మం ముందు దించేవాడు.

"నాన్న షెడ్డు మర్చిపోయావా అన్నయ్యా? నా చిన్నప్పటి తుఫానుకి ఇలాగే తలుపేసి పెట్టాం. నీళ్ళు లోపలికొచ్చాయి, బాతులు తేలాయి, కప్పుకి కొట్టుకుని కొట్టుకుని మెడలన్నీ విరిగాయి. నాన్న ఆ తలలు ఏరుకుంటూ ఏడ్చాడు. బుట్ట పట్టుకుంది నేనే."

"అది డొక్కు షెడ్డు. ఇది గట్టిది."

"గట్టిదైతే ఇంకా గట్టిగా కొడుతుంది."

వెల్డన్ ఒక బాతును తల పట్టుకుని ఎత్తబోయాడు. డెల్ఫియా ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఒంటికింద చెయ్యి పెట్టి ఎత్తు. చేతకాకపోతే ముట్టుకోకు."

"సరేలే, రేపు నా దగ్గరకొచ్చి ఏడవకు."

"నీ దగ్గరకొచ్చి ఎప్పుడేడ్చానని?"

అతను విసవిసా వెళ్ళిపోయాడు. డెల్ఫియా ఇంటి వెనక ఓక్ చెట్ల తోపులో, గాలి విరిగేచోట, మొదలు నుంచి మొదలుకి లావుపాటి తాడు బిగించింది. ఒక్కో బాతునూ రెండు నిలువుల పొడుగు తాడుతో, ఒకదానికొకటి తగలనంత ఎడంగా, దానికి కట్టింది. కంచె అవతలి పొరుగామె బుగ్గలు నొక్కుకుంది.

"ఫ్రిజ్జు గాలికొదిలేసి బాతుల్ని కట్టుకుంటున్నావేంటి డెల్ఫియా?"

"ఫ్రిజ్జు ఈదదమ్మా. ఇవి ఈదుతాయి."

మధ్యాహ్నం ఉప్పునీళ్ళు బూడిదరంగులో పొంగుకొచ్చి మెట్లు మింగాయి, కుర్చీలు మింగాయి. డెల్ఫియా అటక కిటికీ దగ్గర కూర్చుని నీళ్ళను తిట్టిపోస్తోంది. "రా, ఇంకా రా! నీ మీద బతకడానికే చెక్కాడు వీటిని మా నాన్న!" బాతులు ఒక్కొక్కటే లేచి తేలి, అన్నీ గాలికి ఎదురుగా మొహాలు తిప్పాయి. చివరి చెట్టు ఫెళ్ళున కూలినప్పుడు తాడంతా ఒక్కసారి పక్కకు కొట్టుకుపోయింది. రెండో కొస మాత్రం పట్టు వదల్లేదు.

మర్నాడు పొద్దున నీళ్ళు తీశాయి. వంటింట్లో ఫ్రిజ్జు బోర్లా పడి ఉంది. తోపులో బాతులు బురదమీద కూర్చుని ఉన్నాయి. రంగు గీసుకుపోయింది, ఒకదాని ముక్కు చిట్లింది, కానీ అన్నిటికీ తలలున్నాయి. డెల్ఫియా బురదలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అన్న వచ్చేసరికి కళ్ళు తుడిచేసుకుంది.

వెల్డన్ చేతిలో బకెట్టు ఉంది. దాన్నిండా తలలు.

"షెడ్డు చెక్కుచెదరలేదే. గోడకి ఒక్క పగులు లేదు. లోపల..." అతను బకెట్టు ముందుకు చాపాడు.

"చెప్పానా, లేదా?" అంది డెల్ఫియా. అనకుండా ఉండగలిగేంత మంచిది కాదు ఆమె. తరవాత బకెట్టు అందుకుని తలల్ని ఒక్కొక్కటే తిప్పి చూసింది. "మొండేలు తీసుకురా. అతికిస్తా."

"నీకొచ్చా?"

"నాన్న అతికిస్తుంటే పక్కన బుట్ట పట్టుకుని కూర్చుందెవరు? ముందు ఆ షెడ్డు తాళంచెవి ఇలా ఇవ్వు."

అతను జేబులోంచి తీసిచ్చాడు. ఆమె దాన్ని బలంకొద్దీ విసిరితే వెళ్ళి తోపు అవతల ఇంకా నిలిచి ఉన్న నీళ్ళలో పడింది.

"అతికించాక అవన్నీ నా దగ్గరే ఉంటాయి. వేటకి కావాలంటే వచ్చి అడిగి పట్టుకెళ్ళు."

వెల్డన్ వంగి, పక్కనున్న బాతును బురదలోంచి పైకి తీశాడు, ఒంటికింద చెయ్యి పెట్టి.