హవానా చుట్టకు అడ్డపొగ యోగం

నేను ఒక చుట్టను. వెంటనే ముక్కు మూసుకోకండి. అల్లాటప్పా చుట్టను కాను, క్యూబా దేశపు హవానాలో పుట్టినదాన్ని. పట్టుచీరలాంటి నున్నటి పై ఆకు, నడుముకి బంగారు అంచు కాగితపు వడ్డాణం. ఇంత సింగారమూ ఆఖరికి తగలబడిపోవడానికేనా అని మీరు జాలిపడతారేమో. తగలబడటంలో ఎంత సరదా ఉందో మీకేం తెలుసు!

నన్ను చుట్టినావిడ పేరు మారిసోల్. పెద్ద హాల్లో బళ్ళోలాగా బల్లలు వేసి ఉండేవి. పనివాళ్ళకి విసుగు పుట్టకుండా ఒకాయన ఎత్తు కుర్చీలో కూర్చుని నవలలు పైకి చదివేవాడు. సరిగ్గా నా వంతు వచ్చేసరికి, ఆ కథలో పెళ్ళికొడుకు గోడ దూకబోయి పందుల దొడ్లో పడ్డాడు. హాలు హాలంతా ఒకటే నవ్వు. మారిసోల్ కళ్ళు తుడుచుకుంటూ నా తలకి చిన్న ఆకుముక్క అతికించి పక్కన పెట్టింది. అలా నవ్వే చేతుల్లో పుట్టినందుకేమో, నాకు మొదటి నుంచీ నిదానం తక్కువ.

నిదానం లేనిదాన్ని తీసుకెళ్ళి పెట్టెలో పెట్టారు.

నన్ను కొన్నాయన గరికిన దానయ్య. విశాఖపట్నం జాలరిపేటలో పుట్టి, చదువుకుని, సరుకుల ఓడలో చీఫ్ ఇంజనీరు అయ్యాడు. ఓడ హవానా రేవులో ఉండగా, కూతురు పుట్టిందని ఇంటి నుంచి కబురు వచ్చింది. ఆ సంతోషంలో దుకాణానికి పరిగెత్తి నన్ను కొన్నాడు. "మా పాపకి సంబంధం కుదిరిన రోజున నిన్ను కాలుస్తాను" అన్నాడు. పుట్టి ఒక్క రోజైనా కాని పిల్లకి సంబంధం! మనుషుల తొందర అలా ఉంటుంది. నాకు మాత్రం ఓపిక పట్టమని నీతులు.

దేవదారు చెక్కపెట్టెలో, ఎండిపోకుండా తడి స్పాంజి పక్కన నా కాపురం. తాగడానికి కొన్న వస్తువుని తాగకుండా ఉంచితే దాని గౌరవం పెరుగుతుందట. దానయ్య సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా మూత తీసి, వాసన చూసి, కళ్ళు మూసుకునేవాడు. చుట్టాలకి దూరం నుంచి చూపించేవాడు. వాళ్ళమ్మ నూకాలు అరుగు మీద తన నాటు చుట్ట కాల్చుకుంటూ, "ఆ పెట్లో ఏటుందిరా, దేవుడా?" అని వెక్కిరించేది. అటు ఆ అమ్మాయి సాగరిక పెరుగుతుంటే, ఇటు పెట్టెలో నా ఒంట్లో ఘాటు తగ్గి తీపి ఊరింది.

సాగరిక షిప్‌యార్డులో ఉద్యోగంలో చేరింది. తనతో పనిచేసే ఉదయభానుని పెళ్ళి చేసుకుంటానంది. ఆ అబ్బాయి తండ్రి అడపా సత్తిరాజు గోదావరి లంకల్లో పొగాకు రైతు. కులం వేరు, ఊరు వేరు. ఒకసారి మాట్లాడి చూద్దామని ఆయన ఒక్కడే వచ్చాడు. వచ్చినవాడు కాఫీ తాగి మర్యాదగా కూర్చున్నాడు. దానయ్య ఊరుకోవచ్చు కదా! నా పెట్టె తెచ్చి చూపించాడు.

"ప్రపంచంలో దీన్ని మించిన పొగాకు లేదండీ."

సత్తిరాజు కప్పు కింద పెట్టాడు. "మా లంకాకు ఎప్పుడైనా కాల్చేరా అండీ?"

"కాల్చాను. ముక్కులో కారం కొట్టినట్టుంటాది."

"మా తాతల నాటి నుంచీ ఆ ఆకు మీదే బతుకుతున్నామండి. దాన్ని పట్టుకుని కారం అంటారేంటండీ?" అంటూ సత్తిరాజు లేచి కండువా దులిపాడు. "వస్తానండి. ఆలోచించుకుని కబురు పెడతాను."

ఆ కబురు ఎప్పటికీ రాదని గుమ్మం దగ్గర నిలబడ్డ సాగరికకి తెలిసిపోయింది. నాకూ తెలిసింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. అయినా గబగబా లోపలికి వచ్చి, పెట్టెలోంచి నన్ను తీసింది. పుట్టి ఇన్నేళ్ళైనా ఆమె నన్ను తాకడం అదే మొదలు.

"అంకుల్, మీరు కాల్చి చూసి చెప్పండి. బాగోలేదంటే నాన్న ఒప్పుకుంటారు. తరవాత వెళ్దురుగాని."

"అమ్మలూ, అది సంబంధం కుదిరాకే కదే..." అన్నాడు దానయ్య.

"ఇప్పుడు కాల్చకపోతే కుదరదు నాన్నా!"

నా ఆనందం ఏమని చెప్పను! దానయ్య నా తల కత్తిరించాడు. పొడుగాటి అగ్గిపుల్లతో చివర నెమ్మదిగా వెచ్చజేశాడు. మంట అంటుకోగానే, దాచుకున్న తీపంతా ఒక్కసారిగా కదిలింది. నాకు కేక వేయాలనిపించింది.

"మొదట దేవదారు వాసన," అని దానయ్య పాఠం మొదలుపెట్టాడు. "తరవాత తోలు. కొత్త తోలు."

సత్తిరాజు మళ్ళీ కూర్చుని, నన్ను అందుకుని ఒక దమ్ము లాగాడు. "చెప్పుల వాసనంటారేంటండీ బాబూ! ఇది కురిడీ కొబ్బరండి." ఇంకో దమ్ము. "ఆగండాగండి. బెల్లం పాకం. అడుగంటబోయే ముందు దించుతారు చూడండీ, ఆ పాకం."

"అవునండోయ్!" అన్నాడు దానయ్య, లాక్కుని తానూ పీల్చి.

పొగ నోట్లో ఉంచుకుని వదలాలి గాని మింగకూడదు. ఆ సంగతి చెప్పాల్సినవాడూ మరిచాడు, వినాల్సినవాడూ మరిచాడు. పోటీ పడి మింగారు. కాసేపటికి సత్తిరాజు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏవండీ, మీ ఇల్లు గాని కదులుతోందా?"

"ఓడ కదండీ. కదుల్తాది," అన్నాడు దానయ్య.

ఇక చూడండి నవ్వు! ఇద్దరూ జారి నేల మీద కూర్చున్నారు. నవ్వులో సత్తిరాజు నా బూడిద వైపు చూసి ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. "నిజం చెప్తున్నానండి. మా ఆకూ ఇలా ఊరేదేనేమో. పంట రాగానే అమ్ముకోవడమే గాని, దాచి చూసే ఓపిక మాకెప్పుడూ లేదండి. ఆడపిల్ల కోసం ఇన్నేళ్ళు దాచేరు మీరు. చాలా బాగుందండి. చాలా బాగుంది."

దానయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

ఆ నవ్వులకి అరుగు మీద నుంచి నూకాలు లేచొచ్చింది. "ఏట్రా దానీ, తాగేసినారేటి? ఏదీ, నానోపాలి సూత్తాను, ఇలాగియ్యి."

నన్ను తీసుకుని, తిప్పి, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టేసుకుంది!

"అమ్మా!" అని దానయ్య అరిచాడు. "మామ్మగారండోయ్!" అని సత్తిరాజు లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. ఆవిడ తీరిగ్గా పెదాలు బిగించి రెండు దమ్ములు లాగింది. ఆ పేటలో ఆడవాళ్ళు చుట్ట కాల్చేది అలాగే. అడ్డపొగ అంటారు. నన్ను ఓ క్షణం బయటికి తీసి తీర్పు చెప్పింది.

"కూసింత సప్పగుంది. మంచిదే. ఒరే బాబూ, మా సాగరిక గుంటని సేసుకుంటారా, నేదా? నిప్పు సల్లారకముందే సెప్పు."

సత్తిరాజు కళ్ళు తుడుచుకున్నాడు. "చేసుకుంటామండి మామ్మగారూ. ఆయ్. ఈ ఇంటికి మావాణ్ణి పంపకపోతే నేనే వచ్చి ఉండిపోయేలా ఉన్నానండి."

"మరేటి, బావగారూ!" అని దానయ్య ఆయన్ని వాటేసుకున్నాడు. గుమ్మం దగ్గర సాగరిక ఫోనులో ఉదయభానుకి చెబుతూ, ఏడుస్తూ నవ్వుతోంది.

నూకాలు నన్ను మళ్ళీ లోపలికి తిప్పుకుంది. అక్కడ చీకటి, వెచ్చదనం. నా నిప్పుకి గాలి కూడా తగలడం లేదు. బయట అందరూ నవ్వుతున్నారు. ఆవిడా పెదాలు విప్పకుండా నవ్వుతోంది. ఆ నవ్వుకి దవడలు కదిలినప్పుడల్లా నేనూ ఊగాను. అలా ఊగుతూ ఊగుతూనే అయిపోయాను.