పది నిమిషాలాగండి

"పూల్‌లో మందు వేశాను, పది నిమిషాలాగండి" అని నేను మా ఆయనతో అన్నానంటే, ఆ పొద్దున నీళ్ళలో పాము ఉందని అర్థం. ఆ అర్థం ఇంట్లో ఎవరికీ తెలియనివ్వకుండా తొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చాను.

ఇంటి వెనక ఈ స్విమ్మింగ్ పూల్ మా ఆయన ముచ్చట. నడుం నొప్పికి ఈత మంచిదని డాక్టరు అన్నదే తడవుగా తవ్వించారు. గోడ అవతల ఎవరూ పట్టించుకోని ఖాళీ స్థలం, నడుమెత్తు గడ్డి, దాని పక్కనే వాగు. అక్కడ పాకేవీ గెంతేవీ అన్నీ దాహానికో చల్లదనానికో మా నీళ్ళలోకి దిగుతాయి. దిగడమే గానీ ఎక్కడం వాటి వల్ల కాదు, అంచులు నున్నగా నిట్టనిలువుగా ఉంటాయి. మా ఆయన ఏడింటికి ఈతకు దిగుతారు కాబట్టి, ఆరు కాకముందే నేను పొడుగాటి కడ్డీకి బిగించిన వల పట్టుకుని బయల్దేరాలి. ఆకులు, పురుగులు, కప్పలు, ఒకసారి చుంచెలుక, ఇంకోసారి పిల్లలతో సహా బాతు. ఆ బాతు రెండు రోజులు మకాం వేస్తే మా ఆయన ఫొటోలు తీసి ఆఫీసంతా చూపించారు. రెట్టలు నేను కడిగాను.

మొదటి పామును మాత్రం ఆయనే చూశారు. నీరుకట్టె. విషం లేదు, అయితేనేం! భుజాన తువ్వాలుతో ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి నిలబడిపోయారు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. చిన్నప్పుడు వాళ్ళన్నయ్య చచ్చిన పామును పక్కలో పడేసి ఇంటిల్లిపాదినీ పిలిచి నవ్వించాడట. అది చెప్పి, నా చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పొద్దన్నారు. నాకు జాలేసింది, నిజంగానే. వారం తిరక్కుండా మళ్ళీ ఏమైనా వచ్చాయా అని అడిగితే రాలేదన్నాను. అప్పటికి రెండు వచ్చాయి. అలా ఆడిన అబద్ధం నాకు రోజువారీ పనైపోయింది.

పైగా చుట్టాలొస్తే ఆయన పూల్ చుట్టూ తిప్పి చూపించి, మా నీళ్ళలోకి చీమ కూడా రాదండీ, మందు అలాంటిది, అంటారు. ఆ మందు గొప్పదనం వింటూ నేను టీ కప్పులు అందిస్తాను. నేను కప్పల్ని ఏరడం చూసిన మా అత్తయ్యేమో, మా కోడలికి భయమంటే ఏంటో తెలీదమ్మా, మగరాయుడు, అని వచ్చినవాళ్ళతో చెప్పి మురిసిపోతుంది. పాపం, ఆవిడ మెచ్చుకోలే అది. ఇంట్లో బల్లిని తోలాలన్నా, మోరీలో చెయ్యి పెట్టాలన్నా ఆ మెచ్చుకోలుతోనే నన్ను పిలుస్తుంది.

ఇక నా ఉద్యోగం. ఆరేళ్ళుగా స్కూల్లో రాని టీచర్ల బదులు పాఠాలు చెప్తున్నాను. ఎవరికో జ్వరమొస్తే లెక్కలు, ఎవరికో కాన్పయితే సైన్సు. స్టాఫ్ రూములో నాకంటూ కుర్చీ లేదు, ఆ రోజు ఎవరు రాకపోతే వాళ్ళ కుర్చీ నాది. మొన్న గురువారం హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, సైన్సు టీచరు పోస్టు ఖాళీ అయింది, సోమవారం నుంచి పూర్తిగా నీదే, శనివారం మధ్యాహ్నంలోగా ఏ సంగతీ చెప్పు, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాం, అన్నారు. బదులు పాఠాలకు పొద్దెక్కాక వెళ్తే సరిపోయేది, ఈ పోస్టుకు మొదటి గంట ఏడున్నరకే. నేను ఆరింటికల్లా ఇంట్లోంచి బయటపడాలి.

ఆ రాత్రి అన్నాల దగ్గర చెప్పాను. మంచిదే, అన్నారు మా ఆయన. ఆ తర్వాత ఒక ముద్ద నమిలి, "కానీ పొద్దున పూల్ ఎవరు చూస్తారు? ఇప్పుడున్నట్టే ఎప్పుడైనా వెళ్ళిరా. పామూ చావదు, కర్రా విరగదు" అన్నారు. అత్తయ్య కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పామును ఎత్తేది నేను, సామెత చెప్పేది ఆయన!

శుక్రవారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరూ గమనించలేదు కూడా. వెళ్తానంటే పాముల సంగతి చెప్పాలి. చెప్తే ఆయన కుర్చీ ఎక్కిన రోజు మళ్ళీ ఎదుట పెట్టినట్టే. చెప్పకపోతే ఆ పోస్టు ఇంకెవరికో పోతుంది. కట్టుకున్నవాడి పరువు కడుపులో దాచుకోమని మా అమ్మ చెప్పింది. ఎన్నేళ్ళు దాచుకోవాలో చెప్పలేదు.

శనివారం పొద్దున, పూల్ అంచున నీళ్ళు లోపలికి లాగే గూటి మూత ఎత్తితే, చెత్త పడే బుట్టలో చుట్ట చుట్టుకుని ఉంది. మణికట్టంత లావు. వల గోడకు ఆనించి, మూత పక్కన పెట్టి, అలాగే నిలబడ్డాను. ఏడింటికి ఆయన తువ్వాలుతో గుమ్మంలోకి వచ్చారు. వెళ్ళి ఎదురుగా నించున్నాను.

"మందు వేశావా?" అన్నారు.

"లేదు. పాముంది. మందు వేశానన్నప్పుడల్లా ఉంది. తొమ్మిదేళ్ళుగా మీకు అబద్ధం చెప్తున్నాను."

ఆయన మొహం పాలిపోతుందని, ఆ కుర్చీ కోసం చూస్తారని, పట్టుకోడానికి చెయ్యి కూడా చాపాను. ఆయన నా వైపు చూడలేదు. తువ్వాలు అంచు మడతపెడుతూ, "తెలుసు" అన్నారు.

ఏం తెలుసన్నాను.

"వంటింటి కిటికీలోంచి చూసేవాణ్ణి. నువ్వు గోడవతల వదిలేసి వచ్చాకే బయటికొచ్చేవాణ్ణి."

నిద్ర నటించే పిల్లాణ్ణి నిజంగా నిద్రపోయాడనుకుని మేడమెట్లన్నీ మోసినట్టయింది నా పని. నేను మోస్తున్నానని తెలుసు, ఎంత బరువో తెలుసు, కళ్ళు మాత్రం తెరవలేదు! ఆ కిటికీ దగ్గర, నేను కాచి పెట్టిన కాఫీ తాగుతూ నిలబడి ఉంటారు.

"ఒక్కరోజు కూడా బయటికి రాబుద్ధి కాలేదా?"

"నాకు చచ్చేంత భయం. నీకు భయం లేదు కదా" అన్నారు. దెప్పలేదు, బొంకలేదు. అలాగే నమ్మారు.

"ఎందుకు లేదు? రోజూ ఆ మూత ఎత్తే ముందు కాళ్ళు వణికేవి. ఎండాకాలంలో కూడా రెండు జతల సాక్సులేసుకుని వచ్చేదాన్ని. మీరెప్పుడూ అడగలేదు."

ఆయన అప్పుడు నా మొహంలోకి చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, కానీ వల తెచ్చి చేతిలో పెట్టాను. తోక వైపు నుంచి పెట్టాలని, తొందరపడితే అది ఇంకా బెదిరిపోతుందని చెప్పాను. మూడోసారికి ఎత్తారు. కడ్డీ చివర పాము ఊగుతుంటే అదేపనిగా వణుకుతూ గోడ దాకా నడిచారు. నేను పక్కనే నడిచాను, ముట్టుకోలేదు. అవతల గడ్డిలోకి అది జారిపోయాక ఆయన గోడకు చేరగిలబడి కూర్చుండిపోయారు.

"రేపు కూడా పక్కన ఉంటాను. ఎల్లుండి ఉండను" అని చెప్పి లోపలికి వచ్చాను.

చేతులు కడుక్కుని హెడ్‌మిస్ట్రెస్‌కు ఫోన్ చేశాను. ఆవిడ సంతోషించి, సోమవారం తేవలసిన కాగితాలేవో చెప్పి, చివర్లో అందర్నీ అడిగినట్టే అడిగారు: "పొద్దున్నే రావాలి, ఇంట్లో ఇబ్బందేం లేదు కదమ్మా?"

"ఉందండీ. ఉన్నా వస్తున్నాను" అన్నాను.